వరి కయ్యలో మీథేన్ తగ్గించడం ఎలా? అడుగు పైపు ముక్కతో తడి పొడి సాగు

నెల్లూరు జిల్లాలో భూమి వేడెక్కడం గురించి మాట ఎత్తితే చాలామంది కృష్ణపట్నం వైపు, నేలటూరు థర్మల్ కేంద్రం పొగగొట్టాల వైపు చెయ్యి చూపిస్తారు. నిజమే, బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీస్తే సుమారు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. ఆ పొగను తగ్గించడం ప్రభుత్వాలు చేయాల్సిన పని, చేయించుకోవాల్సిన పని. రైతు ఈ కారులోనే, అంటే ఈ పంట కాలంలోనే, మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. అది కయ్యలో నిలవ ఉన్న నీళ్లకు సంబంధించింది.

ముందు కాస్త సైన్సు. ఎండకు కాగిన నేల ఆ వేడిని మళ్లీ పైకి వదులుతుంది. గాలిలో ఎక్కువ భాగం ఉండే నైట్రోజన్, ఆక్సిజన్ ఆ వేడికి అడ్డం పడవు. కార్బన్ డయాక్సైడ్, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్, నీటి ఆవిరి మాత్రం దాన్ని పీల్చుకుని కొంత కిందికే తిప్పి పంపుతాయి. జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త 1859లోనే ప్రయోగశాలలో దీన్ని కొలిచి చూపించాడు. ఫ్యాక్టరీల కాలానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. 1850-1900 నాటి సగటుతో పోలిస్తే 2011-2020 మధ్య భూమి సుమారు 1.1 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు, కురిసినప్పుడు ఆ మేరకు గట్టిగా కురుస్తుంది. ఈశాన్య రుతుపవనాలను నమ్ముకుని నారు పోసే మనకు ఇది ఇంటి సంగతే. 2021 నవంబరులో పెన్నా పొంగి ఊళ్ల మీద పడటం చూశాం. ఒక్క వరదను పట్టుకుని ఇది ఫలానా దాని వల్లేనని తేల్చలేం గానీ, అలాంటి కుండపోతలకు అవకాశం పెరుగుతోందన్నది శాస్త్రం చెప్పే మాట.

ఇప్పుడు కయ్యలోకి దిగుదాం. నాట్లయిన నెలకు నీళ్లు నిలిచిన కయ్యలో కాలు పెడితే మడమ పక్కన బురదలోంచి బుడబుడమని బుడగలు లేస్తాయి. వాటిలో మీథేన్ ఉంటుంది. నీళ్లు నిలిస్తే మట్టిలోకి గాలి ఆడదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు మొదళ్లను, గడ్డిని, వేర్ల నుంచి ఊరే పదార్థాలను కుళ్లబెట్టి మీథేన్ తయారుచేస్తాయి. కంటికి కనిపించే బుడగలు కొద్దిపాటివే. ఎక్కువ భాగం వరి మొక్క కాడలోని గాలి గొట్టాల గుండా చప్పుడు లేకుండా పైకి పోతుంది. బరువుకు బరువు చూస్తే ఇరవై ఏళ్ల లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. అయితే అది గాలిలో ఉండేది సుమారు పన్నెండేళ్లే. కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం వందల ఏళ్లు ఉండిపోతుంది. అంటే మీథేన్ తగ్గిస్తే దాని ఫలితం మన పిల్లల కాలం దాకా ఆగకుండా మనమే చూస్తాం. నాకు ఈ పద్ధతి మీద ఇంత పట్టుదల అందుకే.

పద్ధతి పేరు తడి పొడి సాగు, అంటే కయ్యలో ఎప్పుడూ నీళ్లు నిలపకుండా కాస్త ఆరనిచ్చి మళ్లీ తడపడం. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీన్ని చాలా దేశాల్లో రైతుల దగ్గరికి తీసుకెళ్లింది. సరిగ్గా చేస్తే మీథేన్ సగం వరకూ తగ్గుతుంది, నీళ్లు 30 శాతం దాకా మిగులుతాయి, దిగుబడి పుట్టికి పుట్టీ అలాగే ఉంటుంది.

మొదట పైపు. నేల లోపల నీళ్లు ఎంత లోతుకు దిగాయో చూడటానికి ఇది. నాలుగు నుంచి ఆరు అంగుళాల వెడల్పున్న పీవీసీ పైపు అడుగు పొడవు, అంటే 30 సెంటీమీటర్లు, కోయించండి. కింది 20 సెంటీమీటర్ల మేర చుట్టూ రెండేసి సెంటీమీటర్ల ఎడంతో చిన్న రంధ్రాలు వేయండి. పైన 10 సెంటీమీటర్లు రంధ్రాలు లేకుండా వదలండి. పైపు లేకపోతే లావు వెదురు బొంగయినా పనికొస్తుంది.

రంధ్రాలున్న భాగమంతా మట్టిలోకి దిగేట్టు పాతి, లోపల చేరిన బురదను అడుగుదాకా చేత్తో తీసేయండి. బురద తీయకపోతే పైపు పెట్టి ప్రయోజనం లేదు. పాతే చోటు కూడా ముఖ్యమే. గెనెం (గట్టు) మీద నిలబడితే కనిపించాలి గానీ గెనేన్ని ఆనుకుని ఉండకూడదు. కయ్యలో మరీ మెరక, మరీ పల్లం కాని చోటు చూడాలి. కాసేపటికి పైపు లోపల, బయట నీటి మట్టం ఒకటిగా ఉంటే సరిగ్గా కుదిరినట్టు. లోపల మట్టం తేడాగా ఉంటే రంధ్రాలు పూడుకున్నాయని అర్థం, తీసి కడిగి మళ్లీ పెట్టాలి.

నాట్లయ్యాక రెండు వారాల దాకా ఎప్పటిలాగే పలచగా నీళ్లు నిలపండి. కలుపు ఒత్తుగా వచ్చే కయ్యల్లో ఇంకో వారం ఆగండి, నీళ్లే కలుపును అణచిపెడతాయి. ఆ తర్వాత ఐదు సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు పెట్టి, నీళ్లొచ్చే మడవ కట్టేసి వదిలేయండి. ఒక పుల్లకు 25 సెంటీమీటర్ల దగ్గర గాటు పెట్టుకోండి. పైపు పై అంచు నుంచి నీళ్లు ఆ గాటు దాకా దిగాయంటే నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి పోయినట్టు. అప్పుడు మళ్లీ ఐదు సెంటీమీటర్లు పెట్టాలి. పైన సన్నటి నెర్రెలు కనిపించేసరికి మనసు ఊరుకోదు, మడవ తీయబోతాం. ఆగండి. వేర్లు ఆ 15 సెంటీమీటర్ల లోతులో నీళ్లు తాగుతూనే ఉంటాయి. ఆ నెర్రెల గుండానే గాలి లోపలికి పోయి మీథేన్ తయారుచేసే జీవుల పని ఆపుతుంది. డెల్టా జిగట నేలల్లో నీళ్లు దిగడానికి ఎక్కువ రోజులు పడుతుంది, సముద్రం దాపున ఇసుక నేలల్లో త్వరగా దిగిపోతాయి. అందుకే రోజులు లెక్కపెట్టకుండా పైపునే చూడాలి.

ఈనే ముందు వారం, ఈనిన తర్వాత వారం మాత్రం కయ్య ఆరకూడదు. అప్పుడు నీళ్లు చాలకపోతే తాలు పోతుంది. ఆ దశ దాటాక మళ్లీ తడి పొడి కొనసాగించి, కోతకు పది పదిహేను రోజుల ముందు పూర్తిగా ఆరగట్టొచ్చు.

యూరియా విషయంలో జాగ్రత్త. ఆరుతూ తడుస్తూ ఉండే నేలలో ఎక్కువ నత్రజని పడితే అది నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుంది. దాని బలం కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 270 రెట్లు. మీథేన్‌లో మిగిల్చింది ఇక్కడ పోగొట్టుకుంటాం. నిలవ నీళ్లలో చల్లకుండా, నీళ్లు పెట్టబోయే ముందు బురద పదును మీద, ఆకు రంగు చూసి ఎంత కావాలో అంతే విడతలుగా వేయండి.

అన్ని చోట్లా ఇది కుదరదు. చౌడు పట్టే నేలల్లో ఆరబెడితే ఉప్పు పైకి తేలుతుంది, అక్కడ వద్దు. నవంబరు వానల్లో ఆరబెట్టాలన్నా ఆరదు. పెద్ద పంటకు డిసెంబరు తర్వాత వాన తెరిపిచ్చినప్పుడు ఎక్కువ వీలు. ఎండాకాలంలో వేసే ఎడగారు పంటకైతే మరీ బాగా పనికొస్తుంది. ఆ ఎండల్లో నేల వేడెక్కి మీథేన్ ఎక్కువ తయారవుతుంది, నీళ్లకూ అప్పుడే కటకట. కయ్య నుంచి కయ్యకు నీళ్లు పారే చోట ఒక్కరే చేయలేరు. పక్క రైతులతో కూర్చుని వంతులు మాట్లాడుకోవాలి. సోమశిల జలాశయం కింద చివరి ఆయకట్టు రైతుకు నీళ్లందాలంటే పైవాళ్లు మిగల్చాలి కదా! బోరు మీద పారించే రైతుకు మోటారు నడిచే గంటలు తగ్గుతాయి, అంత బొగ్గూ మిగులుతుంది.

కోత తర్వాత గడ్డిని తగలబెట్టకండి. పశువులకు వామి వేయండి. కలియదున్నాలనుకుంటే దమ్ముకు నెల ముందే పొడి దుక్కిలో కలిపేయండి. దమ్ములో పచ్చిగా తొక్కితే ఆ గడ్డే మీథేన్‌కు మేత అవుతుంది.

మొదటి కారుకు పొలమంతా చేయనక్కర్లేదు. ఒక కయ్యలో పైపు పెట్టండి, పక్క కయ్యను పాత పద్ధతిలో ఉంచండి. రెండింట్లో ఒకే రకం, ఒకే ఎరువు. ఎన్ని తడులు పెట్టిందీ రాసుకోండి, నూర్చాక ధాన్యం విడివిడిగా తూకం వేయించండి.