త్రీడీ మోడల్‌తో నిర్మాణం: ఇంజినీరు అలవరచుకోవలసిన తనిఖీలు

1982లో కంప్యూటరు మీద డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు డ్రాయింగు బోర్డు మీది గీతలు తెర మీదికి చేరాయి గాని, ప్లాను, సెక్షను, ఎలివేషను విడివిడిగా గీసి వాటి మధ్య పొంతన ఉందో లేదో మనిషే చూసుకునే పద్ధతి అలాగే నిలిచింది. బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్, అంటే బిమ్, ఆ పద్ధతినే మార్చింది. గోడను గోడగా, దూలాన్ని దూలంగా ఒకసారి నమోదు చేస్తే డ్రాయింగులూ పరిమాణాలూ అందులోంచే వస్తాయి. గీయడం, లెక్కకట్టడం యంత్రానికి అప్పగించాక, వచ్చిన ఫలితాన్ని తనిఖీ చేసి దానికి బాధ్యత వహించడమే సైట్ ఇంజినీరుకు, క్వాంటిటీ సర్వేయరుకు, డ్రాఫ్ట్స్‌మన్‌కు ప్రధానమైన పని అవుతోంది. సాఫ్ట్‌వేర్ వాడకం త్వరగానే పట్టుబడుతుంది. తనిఖీ చేసే పద్ధతికే ఎక్కువ సాధన కావాలి.

మోడల్ చేతికి రాగానే మొదట మూలబిందువు, అంటే కొలతలన్నీ మొదలయ్యే బిందువు, చూడాలి. ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్ ఇంజినీరు, ప్లంబింగ్, విద్యుత్ నిపుణులు ఇచ్చిన మోడళ్లలో ఒకే గ్రిడ్ కూడలిని, ఒకే అంతస్తు లెవెల్‌ను ఎంచుకుని అన్నింటిలోనూ సరిపోల్చాలి. ఇవి కలవకపోతే తర్వాత చేసే ఏ తనిఖీకీ అర్థం ఉండదు. వేర్వేరు సాఫ్ట్‌వేర్ల మధ్య ఐఎఫ్‌సి ఫైళ్లు (అవన్నీ చదవగల ఉమ్మడి రూపంలోని మోడల్ ఫైళ్లు) పంపుకునేటప్పుడు కొన్ని వివరాలు జారిపోవచ్చు కనుక, పంపినవారే ఆ ఫైలును తిరిగి తెరిచి చూసుకోవాలి.

తర్వాతది ఫైలు స్థితి. 2018లో తొలి రెండు భాగాలు వెలువడిన ఐఎస్‌ఓ 19650 ప్రమాణం ప్రకారం ప్రాజెక్టు సమాచారం ఇంకా పనిలో ఉన్నదా, ఇతరులతో పంచుకున్నదా, ఆమోదం పొంది విడుదలైనదా, భద్రపరచినదా అన్నది స్పష్టంగా ఉండాలి. విడుదలైన దానితోనే సైటులో పని జరగాలి. ఫోనులో ఎవరో పంపిన డ్రాయింగు ఫొటో చూసి ఊచలు కట్టించడం ఎంత తొందరలోనైనా తగదు.

మోడళ్లను కలిపి చూస్తే సాఫ్ట్‌వేర్ వందల కొద్దీ ఢీకొనే చోట్లు చూపిస్తుంది. ఆ సంఖ్యను చూసి బెదరనక్కర్లేదు, దాన్ని తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకోనూ కూడదు. ఫాల్స్ సీలింగు హ్యాంగరు కేబుల్ ట్రేకు తగలడం సైటులోనే సర్దుకునే విషయం. ఏసీ డక్టు దూలం గుండా పోవడం అలాంటిది కాదు: డక్టును కిందికి దించితే గది ఎత్తు తగ్గుతుంది, దూలంలో రంధ్రం పెట్టాలంటే స్ట్రక్చరల్ ఇంజినీరు అనుమతి కావాలి. అందువల్ల ప్రతి ఢీకి ఎవరు నిర్ణయించాలి, ఏ కాంక్రీటు పోతకు ముందు నిర్ణయించాలి అన్న రెండు ప్రశ్నలు వేసి, జవాబును పేరుతో, తేదీతో నమోదు చేయాలి.

పరిమాణాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 400 మి.మీ. చదరపు స్తంభం, 150 మి.మీ. మందం గల స్లాబు కలిసే చోట ఆ రెండింటినీ మోడల్‌లో సరిగా జోడించకపోతే 0.024 ఘనపు మీటర్ల కాంక్రీటు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. చూడటానికి స్వల్పమే, కాని అలాంటి కూడళ్లు 200 ఉంటే 4.8 ఘనపు మీటర్లు అవుతుంది. మరోవైపు, ఎవరూ మోడల్ చేయని సెంట్రింగు, ఊచల అతుకులు, వృథా లెక్కకే రావు. కనుక ఒక గదిని, ఒక స్లాబు భాగాన్ని చేత్తో కొలత లెక్క వేసి, మోడల్ చెప్పిన అంకెతో పోల్చి, తేడా ఎందుకు వచ్చిందో తెలిశాకే మిగతా అంకెలను ఒప్పుకోవాలి.

సైటులో పెట్టే సెన్సార్లకూ ఇదే వర్తిస్తుంది. కాంక్రీటులో అమర్చిన సెన్సారు ఉష్ణోగ్రతను, గడిచిన కాలాన్ని బట్టి బలాన్ని అంచనా వేస్తుంది. అది బలాన్ని నేరుగా కొలవదు. అదే మిశ్రమంతో చేసిన నమూనాలను పరీక్షించి ముందుగా సరిచూసి ఉంటేనే ఆ అంచనాను ఆధారం చేసుకుని సెంట్రింగు విప్పే నిర్ణయం తీసుకోవచ్చు. డ్రోన్ సర్వేలోనూ నేల మీద కొలిచి పెట్టిన కంట్రోల్ పాయింట్లే కాక, లెక్కలో వాడకుండా విడిగా ఉంచిన కొన్ని బిందువులతో ఫలితాన్ని సరిచూడాలి.

భవనం అప్పగించేటప్పుడు ఇచ్చే మోడల్, కట్టినదాన్ని చూపాలి, కట్టాలనుకున్నదాన్ని కాదు. గోడ పూతకు ముందే పైపుల, కండ్యూట్ల (విద్యుత్ తీగలు పోయే గొట్టాల) స్థానాలను కొలిచి మోడల్‌లో దిద్దాలి. పూత పడ్డాక ఆ కొలతలు తీయడం చాలా కష్టం.