ఫ్యాన్లు తిరిగాయి, డిస్‌ప్లే రాలేదు: నా అనుభవం

మొదటిసారి సొంతంగా డెస్క్‌టాప్ బిగించాను. పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, మానిటర్ మాత్రం నల్లగానే ఉంది. టెన్షన్ పడి అన్నీ ఊడదీసే ముందు, చాలా మదర్‌బోర్డుల అంచున ఉండే చిన్న లైట్లు చూడండి. సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (మెమరీ), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని పేర్లుంటాయి. ఏది ఆరకుండా ఉంటే సమస్య అక్కడే. డీర్యామ్ లైటైతే కాస్త ఓపిక పట్టాలి, డీడీఆర్5 మెమరీ మొదటిసారి సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. నాకు వెలిగింది సీపీయూ లైటు.

కారణం పాత బయోస్, అంటే ఆన్ చేయగానే మొదట నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్. నా బోర్డులోని ఏఎం5 సాకెట్ (ఏఎండీ ప్రాసెసర్ కూర్చునే చోటు) 2022లో వచ్చింది, 2024లో వచ్చిన ప్రాసెసర్లు కూడా అందులోనే కూర్చుంటాయి. కానీ బోర్డు అంతకుముందే తయారైతే, కొత్త బయోస్ వేసేదాకా వాటిని గుర్తుపట్టదు.

నా బోర్డు వెనక, ప్రాసెసర్‌ని గుర్తుపట్టకపోయినా పెన్‌డ్రైవ్ నుంచి కొత్త బయోస్ వేసే బయోస్ ఫ్లాష్ బటన్ ఉండటం నిజంగా అదృష్టం. కొనేటప్పుడు ఇది ఉందో లేదో తప్పకుండా చూడమంటాను. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, సరిగ్గా మన మోడల్ బయోస్ ఫైల్‌నే మాన్యువల్‌లో చెప్పిన పేరుతో అందులో పెట్టాలి. కంప్యూటర్ ఆపి, గుర్తు వేసిన యూఎస్‌బీ పోర్టులోనే గుచ్చి, లైటు మిణకడం మొదలయ్యేదాకా బటన్ నొక్కి పట్టుకోవాలి. లైటు మిణుకుతున్నంతసేపూ కరెంటు పోకూడదు, యూపీఎస్ ఉంటే దానికే తగిలించండి.

లైటు ఆగాక ఆన్ చేస్తే డిస్‌ప్లే వచ్చింది. బయోస్‌లో ఎక్స్‌పో అనే మెమరీ వేగం సెట్టింగ్ ఆన్ చేశాక మెమరీ కూడా అసలు వేగం అందుకుంది.