టెన్నిస్ సొంతంగా, ఆరో పాఠం: రెండో సర్వ్‌ను బతిమాలకండి

పోయిన పాఠంలో టాస్ దగ్గర, అంటే సర్వ్ కొట్టేముందు బంతిని పైకి వేసే చోట, ఆగాం. బంతిని వేళ్ళతో విసరకుండా, నిండు గ్లాసు తొణక్కుండా ఎత్తినట్టు పైకి లేపి వదలమన్నాను. రోజుకు యాభై టాసులు డాబా మీద వేసి చూసిన వాళ్ళు ఈ పాఠానికి సిద్ధం. వెయ్యని వాళ్ళూ చదవండి, కానీ కోర్టులో బంతి మీ మాట వినకపోతే నన్నడగొద్దు.

ఈసారి రెండో సర్వ్. పాయింటు మొదలుపెట్టే దెబ్బే సర్వ్, దానికి రెండు అవకాశాలుంటాయి. బంతి సరైన చోట పడకపోతే ఫాల్ట్, రెండూ పోతే డబుల్ ఫాల్ట్, పాయింటు అవతలివాడిది. మొదటి సర్వ్ గురించి ఎవరికీ పెద్ద బెంగ ఉండదు. బలం కొద్దీ బాదుతాం, పడితే పడుతుంది. అది నెట్‌కి తగిలాకే అసలు కథ. మా కోర్టుకి పొద్దున ఐదున్నరకు వచ్చే డబుల్స్ బ్యాచ్‌లో రోజూ చూస్తాను. మొదటిది ఫాల్ట్ కాగానే అవతలివాడు రెండడుగులు ముందుకొచ్చి నిలబడతాడు. సర్వ్ చేసేవాడు బంతిని మూడుసార్లు నేలకు కొట్టి, ఊపిరి బిగబట్టి, ‘లోపల పడు తల్లీ’ అన్నట్టు రాకెట్‌ని మెల్లగా ముందుకు నెడతాడు. బంతి పడుతుంది. పడ్డాక నడుం ఎత్తుకు లేచి, విస్తట్లో వడ్డించినట్టు అవతలివాడి ముందు నిలబడుతుంది. వాడు ఎక్కడ కొట్టాలా అని ఆలోచించుకుని మరీ కొడతాడు.

నాలుగేళ్ళు నేనూ అలాగే వడ్డించాను. నా డబుల్స్ జోడీ ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఒకరోజు ఆయనకి విసుగొచ్చింది. “రెండోది కూడా బయటికే కొట్టెయ్ బాబూ, నెట్ దగ్గర నుంచున్నందుకు నాకు దెబ్బలైనా తప్పుతాయి” అన్నారు.

తర్వాత బెంచీ మీద కూర్చోబెట్టి, నా సర్వ్ ఎందుకలా ఏడుస్తోందో ఆయనే లెక్క వేసి చూపించారు. పదో తరగతి సరూప త్రిభుజాలు గుర్తున్నాయా? సర్వ్ చేసేవాడు నిలబడే కోర్టు చివరి గీత బేస్‌లైన్. అక్కడి నుంచి నెట్‌కి 39 అడుగులు. నెట్ నుంచి అవతలి సర్వీస్ లైన్‌కి, అంటే సర్వ్ దాటకూడని గీతకి, 21. మొత్తం 60. నెట్ మధ్యలో 3 అడుగుల ఎత్తు. బంతి గీత గీసినట్టు తిన్నగా వెళ్ళి, నెట్ అంచును రాసుకుంటూ సర్వీస్ లైన్ మీద పడాలంటే దాన్ని ఎంత ఎత్తులో కొట్టాలి? 3ని 21తో భాగించి 60తో గుణించండి. దాదాపు 8 అడుగుల 7 అంగుళాలు వస్తుంది. ఇది బంతి మందం వదిలేసి, నెట్ మధ్య మీదుగా వెళ్తుందనుకుంటే. పక్కలకు పోయేకొద్దీ నెట్ ఎత్తు పెరిగి, గుంజల దగ్గర 3.5 అడుగులవుతుంది.

ఐదడుగుల ఏడంగుళాల మనిషి నేల మీద నిలబడి చెయ్యీ రాకెట్టూ పూర్తిగా చాచినా బంతి తగిలేది ఇంచుమించు ఎనిమిదిన్నర అడుగుల ఎత్తులో. అంటే తిన్నగా కొట్టే సర్వ్ మన ఒంటికి కుదిరేది కాదు. ఆరడుగుల పదంగుళాల అమెరికన్ ఆటగాడు జాన్ ఇస్నర్‌కి కుదురుతుంది. మనం కొట్టిన బంతి నెట్ దాటాక కిందికి వంగాల్సిందే. వంచడానికి రెండు దారులున్నాయి. బంతిని మెల్లగా పంపి, భూమి లాక్కునేదాకా ఆగడం ఒకటి. మనం ఇన్నాళ్ళూ చేసింది అదే. రెండోది, బంతిని ముందుకు దొర్లేలా తిప్పి వదలడం. అలా తిరిగే బంతిని గాలే కిందికి తొక్కుతుంది. లెగ్ స్పిన్నర్ గాలిలోకి ఎగరేసిన బంతి బ్యాట్స్‌మన్ అనుకున్న చోటికన్నా ముందే ముంచుకుని పడుతుంది చూడండి, అదే సూత్రం.

ఎత్తు లేదని దిగులు పడేవాళ్ళకి ఒక పేరు చెప్తాను. అర్జెంటీనా ఆటగాడు డియెగో ష్వార్ట్జ్‌మన్ ఎత్తు 170 సెంటీమీటర్లు. 2020లో రోలాండ్ గారోస్ (ఫ్రెంచ్ ఓపెన్) సెమీఫైనల్ ఆడాడు, అదే ఏడాది ప్రపంచ ఎనిమిదో ర్యాంకుకు చేరాడు.

ఈ పాఠంలో ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే చాలు: రెండో సర్వ్‌లో చేతి వేగం తగ్గకూడదు, బంతి వేగమే తగ్గాలి. చేతి బలంలో ఎక్కువ భాగం బంతిని తిప్పడానికి ఖర్చవ్వాలి. చెయ్యి నెమ్మదిస్తే తిరుగుడు పోతుంది. తిరుగుడు పోతే బంతి కిందికి వంగదు. వంగకపోతే బయటికి పోతుంది. దాంతో భయమేసి ఇంకా నెమ్మదిస్తాం.

ముందు పట్టు మార్చండి

రాకెట్ పిడికి ఎనిమిది పలకలుంటాయి. రాకెట్ అంచు నేలను చూసేలా నిలువుగా పట్టుకోండి. పైకి కనిపించేది మొదటి పలక. కుడిచేతి వాటం వాళ్ళకి దాని పక్కన కుడివైపున్న ఏటవాలు పలక రెండోది. చూపుడు వేలి మొదట్లో ఉన్న కణుపు ఆ రెండో పలక మీద కూర్చోవాలి. సుత్తి పట్టుకుని మేకు కొట్టబోతే చెయ్యి ఎలా పడుతుందో అచ్చం అలా. దీన్నే కాంటినెంటల్ గ్రిప్ అంటారు. ఎడమచేతి వాటం వాళ్ళకి మొదటి పలకకి ఎడమ పక్కనున్న ఏటవాలు పలక.

సొంతంగా నేర్చుకున్న వాళ్ళలో ఎక్కువమంది అట్లపెనం పట్టుకున్నట్టు పట్టుకుంటారు. ఫోర్‌హ్యాండ్ అలవాటు అది. ఆ పట్టుతో రాకెట్ ముఖం ఎప్పుడూ బంతికి ఎదురుగానే ఉంటుంది కాబట్టి బంతి లోపల పడ్డం సులువు, అందుకే వదలబుద్ధి కాదు. కానీ మణికట్టు బిగుసుకుపోతుంది, బంతిని గీరి తిప్పడం జన్మలో రాదు. పట్టు సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలంటే రాకెట్ అంచుతో, అంటే తీగల వైపు కాకుండా ఫ్రేముతో, బంతిని నేలకేసి వరసగా ఇరవైసార్లు కొట్టండి. కాంటినెంటల్‌లో చెయ్యి హాయిగా కదులుతుంది. పెనం పట్టులో మణికట్టు మెలిదిరిగిపోతుంది.

కొత్త పట్టుతో మొదటి రెండు వారాలు సర్వ్‌లు ఘోరంగా పోతాయి. కుడిచేతి వాళ్ళవి ఎడమ పక్కకి, ఒక్కోసారి పక్క కోర్టులోకి. నావి రెండు ప్రహరీ దాటాయి. భరించాలి, ఆ రెండు వారాలు మ్యాచ్‌లు ఆడకపోతే ఇంకా మంచిది.

అగ్గిపుల్ల గీసినట్టు

టాస్ కొంచెం మారుతుంది. మొదటి సర్వ్‌కి బంతిని ముందుకి, కాస్త కుడివైపుకి వేశాం. ఇప్పుడు సరిగ్గా తల మీదికి రావాలి. పరీక్ష సులువే: టాస్ వేసి కొట్టకుండా వదిలేయండి. బంతి మీ నెత్తి మీదో ఎడమ భుజం మీదో పడాలి. ఎడమచేతి వాళ్ళకి కుడి భుజం.

అసలు పని తగిలే క్షణంలో ఉంది. మొదటి సర్వ్‌లో తీగలు బంతి వీపు మీద చరిచినట్టు తగులుతాయి. రెండో దానిలో కింది నుంచి పైకి, కొంచెం పక్కకి, అగ్గిపెట్టె మీద పుల్ల గీసినట్టు రాసుకుంటూ పోవాలి. గీసేటప్పుడు పుల్లని పెట్టెలోకి పొడవం కదా, అలాగని మెల్లగా రుద్దినా వెలగదు. ఛాతీ అప్పుడే నెట్ వైపు తిరిగిపోకూడదు. బంతి తగిలేదాకా భుజం పక్కకే ఉంటే రాకెట్ పైకి పోతుంది. ముందే తిరిగితే ముందుకు పోతుంది.

దీన్ని నేర్పే మంచి గురువు కోర్టు చుట్టూ ఉన్న కంచె. బంతిని తలకన్నా ఎత్తులో రాకెట్‌తో కంచెకి నొక్కిపట్టండి. అక్కడి నుంచి ఒక్కసారిగా రాకెట్‌ని పైకి లాగండి. బంతి కంచె మీద గిర్రున తిరుగుతూ పైకి పాకుతుంది. పాకకుండా అక్కడే కింద పడితే మీరు గీరలేదు, నొక్కారు. ముప్ఫై సార్లు చేశాక సర్వీస్ లైన్ దగ్గర నిలబడి అదే కదలికతో నాలుగు సర్వ్‌లు వేయండి. అక్కడి నుంచి రెండేసి అడుగులు వెనక్కి జరుగుతూ బేస్‌లైన్ చేరండి. నాకు వారం పట్టింది.

ఈ దశలో కళ్ళకన్నా చెవులు నమ్మండి. చరిస్తే ‘ఠప్’మంటుంది. గీరితే ‘సర్ర్’మని, పట్టుచీర కుచ్చిళ్ళు ఒరుసుకున్నట్టు సన్నగా వినిపిస్తుంది. ఆ చప్పుడు వచ్చిందంటే బంతి బయట పడ్డా ఫరవాలేదు, మీరు దారిలోనే ఉన్నారు.

తర్వాత తాడు. రెండు వెదురు కర్రలు నెట్ గుంజలకి కట్టి, నేల నుంచి ఆరడుగుల ఎత్తులో బట్టలారేసే తాడు లాగండి. మధ్యలో కాస్త జారినా నష్టం లేదు. రెండో సర్వ్ ఆ తాడు మీదుగా వెళ్ళి లోపల పడాలి. అంటే నెట్ మీద మూడడుగుల ఖాళీ. మొదట్లో ఇది పిచ్చిపనిలా కనిపిస్తుంది, అంత ఎత్తున కొడితే బయటికి పోదా అని. పోతుంది, తిరుగుడు లేకపోతే. తిరుగుడు ఉన్న బంతి తాడు దాటగానే ముక్కు కిందికి వంచేస్తుంది. అది మొదటిసారి చూసిన రోజు నేను మాస్టారికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

బంతులు మరీ పాతవైతే ఇవేవీ తెలియవు. తల ఎత్తు నుంచి సిమెంటు మీద వదిలిన బంతి ఇంచుమించు నడుం దాకా లేవాలి. నిబంధనల ప్రకారం 254 సెంటీమీటర్ల నుంచి వదిలితే 135 నుంచి 147 దాకా లేవాలి, అంటే సగం పైన. మోకాలి దగ్గరే ఆగిపోయే బంతులు కుక్కపిల్లకి ఇచ్చేయండి.

నలభై దాటిన వాళ్ళకి ఒక మాట. టీవీలో కిక్ సర్వ్, అంటే బాగా తిప్పి పైకి ఎగిరేలా వేసే సర్వ్, వేసేవాళ్ళు నడుం విల్లులా వెనక్కి వంచుతారు. మీరు వంచొద్దు. మోకాళ్ళు కాస్త వంచి, రాకెట్ పైకి పోనిస్తే మనకి కావలసినంత తిరుగుడు వస్తుంది. రోజుకి నలభై సర్వ్‌లు చాలు. భుజం నొప్పి మొదలైతే ఆ రోజుకి ఆపేయండి.

ఇంకో మాట, టెన్షన్ గురించి. డబుల్ ఫాల్ట్ పడగానే ‘టెన్షన్ పడ్డాను’ అనేస్తాం. బెలారస్ క్రీడాకారిణి అరీనా సబలెంకా 2022 మొదట్లో ఆస్ట్రేలియాలో వరసగా డబుల్ ఫాల్ట్‌లు చేసి, చివరికి చిన్నపిల్లల్లా కింది నుంచి సర్వ్ వేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఒక బయోమెకానిక్స్ (ఒంటి కదలికల శాస్త్రం) నిపుణుడితో కూర్చుని సర్వ్ కదలికే మార్చుకుంది. 2023 జనవరిలో అదే దేశంలో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. టెన్షన్ నిజమే, కానీ చేతికి దారి తెలియనప్పుడు అది రెట్టింపవుతుంది. పైగా టాస్ బాగా పడకపోతే కొట్టనక్కర్లేదు, పట్టుకుని మళ్ళీ వేసుకోవచ్చు, అది ఫాల్ట్ కాదు. రాకెట్ ఊపి బంతిని తప్పితే మాత్రం ఫాల్టే. ఈ చిన్న నిబంధన తెలియక చెడ్డ టాసుల వెంట పరిగెత్తేవాళ్ళని రోజూ చూస్తున్నాను.

చూసి నేర్చుకోవాలంటే

టీవీ కెమెరా ఆటగాడి వెనక, ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి బంతి నెట్‌కి ఎంత ఎత్తులో పోతోందో తెలీదు. రెండో సర్వ్ రహస్యమంతా ఆ ఎత్తులోనే ఉంది కాబట్టి వీలైతే ఒక్కసారైనా కోర్టు పక్కన కూర్చుని చూడాలి.

న్యూజెర్సీలో పిల్లల దగ్గరికి ఆరు నెలలకి వెళ్ళి, సోఫాలో కూర్చుని రోజులు లెక్కపెట్టుకునే అమ్మానాన్నలకి ఇది బాగా పనికొస్తుంది. ఆగస్టులో న్యూయార్క్‌లో జరిగే యూఎస్ ఓపెన్ అసలు పోటీలకి ముందు వారం ఫ్యాన్ వీక్. క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు, అంటే అసలు పోటీలో చోటు కోసం ఆడేవి, ఉచితంగా చూడొచ్చు. ఆ ఏడాది తేదీలు, ప్రవేశం పద్ధతి అధికారిక సైట్‌లో ముందే చూసుకోండి. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి రైల్లో న్యూయార్క్ పెన్ స్టేషన్, అక్కడే లాంగ్ ఐలాండ్ రైల్ రోడ్ వాళ్ళ పోర్ట్ వాషింగ్టన్ లైన్ రైలెక్కితే మెట్స్–విల్లెట్స్ పాయింట్‌లో దిగొచ్చు. సబ్‌వేలో 7 నంబరు రైలు కూడా అక్కడికే పోతుంది, కానీ మధ్యలో స్టేషన్లు చాలా ఎక్కువ. బ్యాక్‌ప్యాక్ లోపలికి రానివ్వరు. నేను మొదటిసారి అది తెలియక గేటు దగ్గర తెల్లమొహం వేశాను.

లోపలికి వెళ్ళాక పెద్ద స్టేడియం వైపు పరిగెత్తకండి. బయటి చిన్న కోర్టుల్లో, నెట్‌కి సూటిగా పక్కన, వీలైనంత కింద కూర్చోండి. బంతిని చూడకండి. మొదటి సర్వ్ ఫాల్ట్ అయ్యాక కొట్టేవాడి చెయ్యి మాత్రమే చూడండి, వేగం తగ్గిందేమో. ఆ తర్వాత నెట్ మీద ఖాళీ ఎంతుందో చూడండి. రెండో సర్వ్‌లు ఇరవై దాకా అలా లెక్కపెట్టి పుస్తకంలో రాసుకోండి. నేను రాసుకున్న పేజీలో చేతి వేగం తగ్గినవి రెండే ఉన్నాయి. ఆ రెండూ డబుల్ ఫాల్ట్‌లే.

ఈ వారం పని: కంచె దగ్గర రోజూ ముప్ఫై, సర్వీస్ లైన్ నుంచి ఇరవై, తాడు మీదుగా ఇరవై. తాడు దాటి లోపల పడినవి పదికి ఆరు అయ్యాకే మ్యాచ్‌లో వాడండి. వచ్చే పాఠంలో కోర్టు అవతలి వైపుకి వెళ్దాం. రెండో సర్వ్‌కి రెండడుగులు ముందుకొచ్చి నిలబడేవాడు ఎక్కడ నిలబడాలి, ఎలా కొట్టాలి అన్నది చూద్దాం. మీ జోడీకి మాత్రం ఆ పాఠం చూపించకండి.