పోయిన నాణెం ఆట: చర్చి ఎల్‌కేజీలో వారానికి సరిపడా ఒక మూల

లూకా సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన గొర్రె వెనకాలే పోయిన నాణెం కథ ఉంటుంది. పది వెండి నాణేలున్న ఒకామె ఒకటి పోగొట్టుకుని, దొరికేదాకా వెతికి, దొరికాక ఇరుగుపొరుగును పిలిచి సంతోషిస్తుంది. సండే స్కూల్లో అందరూ గొర్రెనే ఎత్తుకుంటారు గానీ, నాలుగేళ్ల పిల్లలతో ఆడించడానికి నాణెమే మేలు. నూరు గొర్రెలు వాళ్ల లెక్కకు అందవు, పది నాణేలు అందుతాయి. పైగా దీపం వెలిగించడం, ఇల్లు ఊడ్చడం, వెతకడం, ఇరుగుపొరుగును పిలవడం, అన్నీ చేతులతో చేసే పనులే.

ఇరవై మంది క్లాసులో ఈ ఆటకని గదిలో విడిగా పెట్టిన మూలకు ఒక విడతకి ఐదుగురినే పంపండి. తక్కినవాళ్లు బ్లాకులు, బంకమట్టి, బొమ్మల పుస్తకాల దగ్గర ఉంటారు. ఐదుగురు దాటితే ఆడేది ఇద్దరే, మిగతావాళ్లు తోసుకుంటారు.

నిజం నాణేలు వాడొద్దు. ఇరవై రూపాయల బిళ్లతో సహా మన నాణేలన్నీ మూడు సెంటీమీటర్ల లోపే, నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి. పాత పెళ్లిపత్రికల అట్టను నాలుగు సెంటీమీటర్ల వెడల్పు గుండ్రాలుగా కత్తిరించి, మూడేసి అంటించి, వెండి రంగు వేయండి. అన్నం పొట్లం కట్టే ఫాయిల్ చుడితే రెండో రోజుకే చిరుగుతుంది. మొత్తం పన్నెండు చేసి, రెండు మీ బీరువాలో పెట్టుకోండి.

వీటికి పెట్టె కోడిగుడ్ల అట్ట. సొన అంటినది కాకుండా శుభ్రమైనది తీసుకుని, ఐదేసి గుంతల వరసలు రెండు కత్తిరించండి. గుంతకో నాణెం. తొమ్మిదికీ పదికీ తేడా ఇంకా తెలియని పిల్లకి కూడా ఖాళీ గుంత కనబడుతుంది. ఈ మూల మొత్తంలో మీ శ్రమకు తగ్గ ఫలితం ఇచ్చే వస్తువు ఇదే.

నేలమీద ఒక పట్ట పరిచి గంపెడు ఎండు మామిడాకులు పోయండి. చిత్తూరు చుట్టుపక్కల వాటికేం కొదవ? ముందు బయట బాగా దులపండి, చీమలుంటాయి. చింతాకు పనికిరాదు, గదంతా పరుచుకుంటుంది. ఇసుక కూడా వద్దు, ఊడిస్తే కళ్లలో పడుతుంది. కొబ్బరి పుల్లల పరక గుచ్చుకుంటుంది కాబట్టి మెత్తటిది తెచ్చి పిడి పొట్టిగా కత్తిరించండి. దీపానికి బదులు చిన్న టార్చి. బల్లమీద దుప్పటి కప్పితే చీకటిల్లు తయారు. రెండు వైపులా తెరిచే ఉంచండి. మార్చి దాటాక మన ఎండలకు లోపల ఉడికిపోతారు.

కథ ఐదు నిమిషాలు, ఆట అరగంట. ఆ కాలపు ఇళ్లకు కిటికీలు చిన్నవి, పగలు కూడా చీకటేనని, ఒక్కో నాణెం ఒక రోజు కూలి అని చెబితే దీపం ఎందుకో, అంత వెతుకులాట ఎందుకో అర్థమవుతుంది. పదో నాణెం తీసేశాక మాట్లాడకండి. ఖాళీ గుంతను పిల్లల్ని చూడనివ్వండి.

తర్వాత ఆ నాణేన్ని ఆకుల్లో దాచేది పిల్లలే, టీచర్ కాదు. మీరు దాస్తే అది పరీక్ష అయిపోతుంది. మొదట్లో దాచినవాళ్లే "ఇదిగో ఇక్కడుంది" అని చూపించేస్తారు. ఎదుటివాడికి తెలియదన్న సంగతి ఆ వయసులో ఇప్పుడిప్పుడే పట్టుబడుతుంది, వారంలో మార్పు మీకే కనిపిస్తుంది. మూడో రోజుకి నాణెం బస్సు టికెట్టయినా అడ్డుపడకండి.

"నాణెం అంటే మనం, ఆమె అంటే దేవుడు" అని విప్పి చెప్పొద్దు. పోలికలు వాళ్లకు ఎక్కవు, నాణేనికి ప్రార్థన చేయించినా చేయిస్తారు. "తొమ్మిది ఉన్నాయి గదా, ఇంకా ఎందుకు వెతికింది?" అని అడిగి ఊరుకోండి. ఏ జవాబునూ తప్పనకండి.

క్లాసులో హిందూ, ముస్లిం పిల్లలుంటే ఇంకో మాట. ప్రభుత్వ గుర్తింపో, ఎయిడో ఉన్న బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మత బోధనలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది. చేర్చుకునేటప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి. ఒప్పుకోనివాళ్ల పిల్లలకు అదే సమయంలో బ్లాకుల మూల తెరిచి ఉండాలి, శిక్షలా బయట కూర్చోబెట్టొద్దు.

"హోంవర్కు ఏదీ?" అనే అమ్మలకు గుడ్ల అట్ట చూపించండి. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఈ వయసుకు ఆటపాటల చదువే చెప్పింది.

శుక్రవారం ఇరుగుపొరుగు విందు: పిడికెడు బొరుగులు, బెల్లం తురుము, అందరూ కూర్చుని తినాలి. అందులో శెనక్కాయ విత్తనాలు మాత్రం కలపకండి, ఈ వయసుకు గొంతులో అడ్డం పడే ప్రమాదం ఎక్కువ.

సర్దుడు రోజూ ఐదు నిమిషాలు, నాణేలు గుంతల్లోకి పిల్లలే చేర్చాలి. ఏదో ఒక రోజు ఒక గుంత నిజంగానే ఖాళీగా మిగులుతుంది. బీరువాలోది వెంటనే తీయకండి. టార్చి వాళ్ల చేతికివ్వండి.