వరద తీశాక మనసు తేరుకోకపోతే: మా లంక నుంచి ఒక దారి

2022 జులై గోదావరి వరద తర్వాత మా బావగారు ఏడాదిన్నర పాటు గ్యాస్ మాత్రలు మింగారు. గుండె దడ అంటే గ్యాస్ అన్నారు, నిద్ర పట్టట్లేదంటే గ్యాస్ అన్నారు, కొబ్బరి దింపు రోజున కూడా తోట వైపు వెళ్ళకుండా అరుగు మీద కూర్చుండిపోతే వాళ్ళమ్మగారు "ఒంట్లో నీరసం నాయనా, మరేం లేదు" అన్నారు. ఊళ్ళో ఆర్ఎంపీగారు నెలకోసారి సెలైన్ ఎక్కించి, బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్ చేసి పంపేవారు. ఒకసారి తాయెత్తు కూడా కట్టించారు. డిప్రెషన్ అనే మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు, ఎందుకంటే మా వైపు ఆ మాట ఎత్తితే పిచ్చాసుపత్రి దాకా ఊహించేసుకుంటారు. నేను డాక్టర్ని కాదు, ఆయన్ని బస్సులెక్కించి తిప్పిన బావమరిదిని. ఆయన్ని అడిగే ఇది రాస్తున్నాను. "రాయి గానీ ఊరి పేరు వెయ్యకు" అన్నారు.

ముందు, ఎప్పుడు కదలాలో చెప్తాను. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని లంకల్లో చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు. మనసుకీ అలాంటి లెక్కే పెట్టుకోండి, పని తేలికవుతుంది. దిగులు గానీ, ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి లేకపోవడం గానీ రెండు వారాలు రోజూ ఉంటే అది మొదటి హెచ్చరిక. డాక్టర్లు పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఇస్తారు, అందులో అడిగేది కూడా గడిచిన రెండు వారాల సంగతే: నిద్ర, ఆకలి, నీరసం, ఏకాగ్రత, నేను పనికిరానివాణ్ణనే భావన, చచ్చిపోతే బాగుండుననే ఆలోచన, ఇలాంటివి. మగవాళ్ళలో చాలాసార్లు ఏడుపు కనిపించదు, కోపం కనిపిస్తుంది, లేదా ఒళ్ళునొప్పులు. పనిలోకి వెళ్ళడం మానేసి, స్నానం తిండి కూడా ఎవరో ఒకరు గుర్తుచెయ్యాల్సి వస్తుంటే రెండోది, ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. "నేను లేకపోతే మీరంతా హాయిగా ఉంటారు" లాంటి మాట వినబడితే మూడోది. దానికి ఆదివారం అనీ అమావాస్య అనీ ఆగకూడదు.

మూడోదాని గురించి ఇంకొంచెం. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగెయ్యండి, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం మనకుంటుంది గానీ అలా జరగదు, పైగా అడిగిన మనిషి దగ్గర చాలామంది బరువు దించుకుంటారు. ఒంటరిగా వదలకండి. 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలీమానస్, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే మాత్రం ఫోన్లతో సరిపెట్టకుండా 108 పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళిపోండి. ఇంకోటి. మన భాషలో మందు అంటే మూడు: డాక్టరు రాసేది, సీసాలోది, చేలో కొట్టేది. మొదటిది ఇంట్లో ఒకరి చేతిలో ఉంచి, మిగతా రెండూ ఇంట్లోంచి పంపించెయ్యండి. పొలం షెడ్డులోకి కాదు, వేరేవాళ్ళ ఇంటికి. మా అక్క పురుగుమందు డబ్బాలు రెండు వీధుల అవతల పినమామగారింటికి చేర్చింది, బావగారికి తెలిసీ ఏమీ అనలేదు. ఒకవేళ ఎవరైనా ప్రయత్నం చేసి బతికితే, కేసవుతుందని భయపడి ఆసుపత్రిలో "పొరపాటున తాగాడు" అని అబద్ధం చెప్పకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం చెయ్యాలి.

ఇప్పుడు అసలు ముడి. కుంగుబాటు, అంటే డిప్రెషన్ ఒకటి, భయంకరమైనది జరిగాక మనసుకి తగిలే గాయం ఒకటి, రెండూ కలిసి ఉండొచ్చు, కానీ వైద్యంలో తేడా ఉంటుంది. బావగారికి కరెంటు పోయి ఫ్యాను ఆగితే చాలు, దిగ్గున లేచి పెరట్లోకి పరిగెత్తేవారు. అరుగు మీద కూర్చున్నప్పుడు లుంగీ అంచుని వేళ్ళతో ముడివేసి విప్పి, మళ్ళీ ముడివేసి విప్పేవారు, గంటలకి గంటలు. అది ఏదో అలవాటనుకున్నాం. వరద రాత్రి పాకలో రెండు గేదెలు రాటకి కట్టేసి ఉండగానే మునిగిపోయాయి, ఆయన పలుపు విప్పలేదు. ఆ సంగతి మాకందరికీ తెలుసు, కానీ ఆ వేళ్ళకీ ఆ పలుపుకీ సంబంధం ఉందని మాకు తట్టలేదు. డాక్టరుకి పది నిమిషాల్లో తట్టింది.

గుర్తుపెట్టుకోండి, వరదో తుపానో వెళ్ళిన మొదటి వారాల్లో నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం మామూలే, ఎక్కువమంది వాళ్ళంతట వాళ్ళే తేరుకుంటారు. ఆ రోజుల్లో కావాల్సింది పొడి బట్టలు, అన్నం, పక్కన మనిషి. కూర్చోబెట్టి "ఏం జరిగిందో మొత్తం చెప్పు" అని బలవంతంగా కక్కించకండి, అది మేలు చెయ్యదని తేలింది. నెల దాటాక కూడా పీడకలలు, ఆ దృశ్యం కళ్ళముందు తిరగడం, ఆ చోటుని తప్పించుకు తిరగడం ఉంటే, అప్పుడు చూపించాలి. 1996 నవంబరు తుపానులో కోనసీమ ఎంతమందిని పోగొట్టుకుందో పెద్దవాళ్ళని అడగండి, ఇప్పటికీ గాలి హోరెత్తితే మంచం దిగి కూర్చునేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. వాళ్ళని ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళలేదు.

ఎక్కడికి వెళ్ళాలి? సైకియాట్రిస్టు దగ్గరికి. నరాల డాక్టరు వేరు, మేము అక్కడే నాలుగు నెలలు పోగొట్టాం. ప్రభుత్వాసుపత్రి కావాలంటే కాకినాడ జీజీహెచ్‌లో మానసిక విభాగం ఉంది, కోనసీమ వాళ్ళకి ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా బస్సు. విశాఖలో మానసిక వైద్యశాల ఉంది, పేరు విని బెదిరిపోవద్దు, ఓపీలో చూపించుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చేసేవాళ్ళే ఎక్కువ. వెళ్ళే ముందు ఒక కాగితం రాసుకోండి: ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎన్ని గంటలు, ఏ మాత్రలు వాడుతున్నారు, తాగుడు ఎంత, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా. ఇదివరకు ఎప్పుడైనా నిద్ర లేకుండా వారం రోజులు విపరీతమైన హుషారుగా, చేతికి ఎముక లేకుండా ఖర్చుపెట్టిన రోజులుంటే అది తప్పకుండా చెప్పాలి. అది బైపోలార్, అంటే దిగులూ మితిమీరిన హుషారూ మార్చి మార్చి వచ్చే జబ్బు అయితే, మామూలు డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే తిరగబడొచ్చు. థైరాయిడ్, బీ12, రక్తం శాతం పరీక్షలు చేయించమని మీరే అడగండి, అవి తేడా ఉన్నా మనిషి ఇలాగే కుంగిపోతాడు.

ఇక మాత్రలు. అందరూ తప్పిపోయేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదవండి. ఎసిటలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటి డిప్రెషన్ మాత్రలు మొదలుపెట్టిన వారంలో కడుపులో తిప్పడం, తలనొప్పి, ఒక్కోసారి కంగారు పెరగడం, అంటే నష్టం ముందు కనిపిస్తుంది. లాభం రెండు మూడు వారాల తర్వాత గానీ మొదలవ్వదు, పూర్తిగా తెలియాలంటే ఆరు వారాలు, ఒక్కోసారి ఎనిమిది. ఈ మధ్య ఖాళీలోనే "ఈ మందు పడలేదండి" అని మానేసి ఇంకో డాక్టరు, ఇంకో ఊరు. బావగారు పదకొండో రోజున స్ట్రిప్పు చూరులో పెట్టేశారు. అక్క చూసి ఏమీ అనకుండా బీపీ మాత్రల డబ్బాలో కలిపేసింది, అప్పట్నుంచి రెండూ కలిపి వేసుకున్నారు. నాలుగో వారం ఒకరోజు పొద్దున్నే "ఇవాళ చారులో ఇంగువ ఎక్కువైంది" అన్నారట. అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చింది, ఏడాదిన్నరలో ఆయన రుచి గురించి మాట్లాడటం అదే మొదలు.

బాగుందని మానెయ్యకూడదు కూడా. తేరుకున్నాక కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించి, డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి, ఒక్కసారి ఆపితే తల తిరగడం, ఒంట్లో జిల్లుమనడం వస్తాయి. పాతికేళ్ళలోపు పిల్లలకి మొదలుపెడితే మొదటి వారాలు కంట కనిపెట్టుకుని ఉండాలి, కొందరిలో చావు ఆలోచనలు పెరగొచ్చు. నిద్ర మాత్రలు, అదే ఆల్ప్రాజోలమ్ లాంటివి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవడం మాత్రం వద్దు. వారాలు నెలలైతే అలవాటైపోతుంది, గాయానికి అది మందు కానే కాదు.

గాయానికి మాట వైద్యం కావాలి. ఇందులో రెండు మూడు రకాలున్నాయి. ఒకటి, జరిగినదాన్నీ దాని చుట్టూ పట్టుకున్న నమ్మకాన్నీ క్రమంగా పరీక్షించేది. ఇంకోటి ఈఎండీఆర్, 1987లో ఫ్రాన్సిన్ షపీరో అనే అమెరికా సైకాలజిస్టు మొదలుపెట్టింది, జ్ఞాపకాన్ని తలచుకుంటూ థెరపిస్టు వేళ్ళని కళ్ళతో అటూ ఇటూ అనుసరించాలి. వినడానికి ఎరుకలసాని విద్యలా ఉంటుంది, కానీ 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేసింది. కళ్ళు తిప్పడం వల్ల నయమవుతోందా, భద్రమైన చోట జ్ఞాపకాన్ని మళ్ళీ చూడటం వల్లా అని నిపుణులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. బావగారికి మొదటి రకం జరిగింది, వీడియో కాల్లో, సిగ్నల్ కోసం ఏటిగట్టు మీద కూర్చుని. ఒక సిట్టింగ్‌లో థెరపిస్టు ఆవిడ గంటల వారీగా అడిగారు. "మీ అమ్మగారిని డాబా ఎక్కించడం ఎన్నింటికి మొదలుపెట్టారు?" "మూడున్నరకండి, ఆవిడ మోకాళ్ళు వంగవు." "నీళ్ళు మెట్టు ఎక్కింది ఎన్నింటికి?" "నాలుగు కాలేదండి." "పాక ఎక్కడ?" "ఇంటి వెనకాల, పల్లంలో." ఆవిడ ఇంకేం అనలేదట. ఈయనే కాసేపటికి "అంటే పాక వైపు వెళ్ళుంటే అమ్మ..." అని ఆగిపోయారు. అంతకుముందు రెండేళ్ళుగా ఆయన చెప్పుకున్న కథ "మర్చిపోయాను" అనే. అది మరుపు కాదు, రెండిట్లో ఒకటి ఎంచుకోవడం.

థెరపిస్టు దొరకలేదా, ఇంట్లో మొదలుపెట్టదగ్గది ఒకటుంది. గోవాలో డాక్టర్లు కాని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల్లో తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళలో చాలామందిని తేరుకునేలా చేశారు, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రిక‌లో వచ్చింది. కిటుకు చిన్నదే: మూడ్ వచ్చేదాకా ఆగకుండా చిన్న పని టైం పెట్టి చేయించడం, చేశాక ఎలా ఉందో రాయించడం. "బయటికి వెళ్ళు, బాగుంటుంది" అనడం కాదు. ఆరింటికి చెప్పులేసుకుని కాలవ గట్టు మీద మొదటి లాకు దాకా వెళ్ళి రావడం, అంతే. మేము కుడితి తొట్టి కడగడంతో మొదలుపెట్టాం. కొత్త గేదె వచ్చింది ఆ తర్వాత అయిదు నెలలకి.

కొత్త వైద్యాల సంగతి చాలామంది అడుగుతున్నారు, యూట్యూబ్ పుణ్యమా అని. నా మాట ఒకటే: రెండు రకాల మందులు, ఒక్కోటి సరైన మోతాదులో ఆరేసి వారాలు, నిజంగా వాడి చూశారా? 2006లో అమెరికాలో వచ్చిన స్టార్-డి అధ్యయనంలో మొదటి మందుతో పూర్తిగా తేరుకున్నది సుమారు మూడింట ఒక వంతు మందే, రెండోది మార్చి చూస్తే ఇంకొందరు. అంటే మొదటిది పనిచెయ్యకపోవడం వింత కాదు. రెండూ వాడినా కుదరలేదంటే అప్పుడు సిగ్గుపడకుండా డాక్టర్ని అడగండి, ఆయన చెప్పేదాకా ఆగక్కర్లేదు.

ఆర్‌టీఎంఎస్ అంటే తల మీద అయస్కాంతపు తీగచుట్ట పెట్టి మెదడులో ఒక భాగాన్ని తట్టి లేపడం, అమెరికాలో 2008లో అనుమతి వచ్చింది, మత్తు అక్కర్లేదు. చిక్కల్లా వారానికి అయిదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు వెళ్ళాలి. రోజూ పంటు మీద ఏరు దాటి వెళ్ళొచ్చే పని కాదు, సిటీలో చుట్టాలింట్లో మకాం పెట్టాల్సిందే. తలలో లోహం, పేస్‌మేకర్, మూర్ఛ ఉంటే ముందే చెప్పాలి. కెటమిన్ పాత మత్తుమందు, తక్కువ మోతాదులో ఇస్తే గంటల్లోనే దిగులు తగ్గొచ్చు, ముక్కులో కొట్టే ఎస్కెటమిన్‌కి 2019లో అమెరికా అనుమతిచ్చింది. కానీ ఆ గుణం కొద్ది రోజుల్లో జారిపోవచ్చు, బీపీ చూస్తూ ఆసుపత్రిలో రెండు గంటలు ఉంచాలి, ఇంటికి ఇచ్చి పంపుతామనే క్లినిక్ అయితే లేచి వచ్చెయ్యండి. కరెంటు షాక్ అని సినిమాల్లో చూపించేది ఈసీటీ. ఇప్పుడు పూర్తి మత్తులోనే చెయ్యాలి, మత్తు లేకుండా చెయ్యడం 2017 చట్టం నిషేధించింది. తిండి నీళ్ళు మానేసిన మనిషికి దాన్ని మించింది అరుదు, కొన్నాళ్ళు జ్ఞాపకాలు మసకబారే మాట నిజమే. పుట్టగొడుగుల మందు (సిలోసైబిన్), ఎండీఎంఏ అనే మత్తుపదార్థం గురించి అయితే, ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి కొందరు సైకియాట్రిస్టులకి ఇవ్వనిస్తున్నారు, అమెరికా ఎఫ్‌డీఏ ఎండీఎంఏని 2024 ఆగస్టులో అనుమతివ్వకుండా వెనక్కి పంపింది. మన దేశంలో దగ్గరుంటే కేసు. ఆన్‌లైన్‌లో చాక్లెట్ అని అమ్మేది కొనకండి.

ఖర్చు: మామూలు మాత్రలు జన ఔషధి షాపుల్లో చవగ్గా దొరుకుతాయి. ఆరోగ్య బీమా ఉంటే, మిగతా జబ్బులతో సమానంగా మానసిక వైద్యానికీ వర్తింపజెయ్యాలని ఆ 2017 చట్టంలోనే ఉంది, పాలసీ కాగితం తీసి అడగండి.

చివరిగా తేదీల సంగతి. గాయం తగిలిన నెల మళ్ళీ వచ్చేసరికి మనిషి వెనక్కి జారడం మామూలు, మందు పనిచెయ్యట్లేదని దానర్థం కాదు. మేము డాక్టరు అపాయింట్‌మెంట్ జూన్ ఆఖరికే పెట్టించుకుంటాం. కిందటి జులైలో ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక అని టీవీలో స్క్రోలింగ్ రాగానే బావగారు లేచి, టార్చి కూడా తీసుకోకుండా పాకలోకి వెళ్ళి పలుపు విప్పి, గేదెని ఏటిగట్టు మీదికి తోలుకెళ్ళారు. ఆ ఏడు నీళ్ళు మా వీధిలోకి రానేలేదు. ఆయన మాత్రం మూడు రోజులు గట్టు మీదే పడుకున్నారు, అక్క క్యారేజీతో పాటు మాత్ర కూడా అక్కడికే పంపింది.