మ్యాపులకు పనికొచ్చే ఫొటోలు ఎలా తీయాలి?

వరంగల్ కోటలో కీర్తితోరణం ముందు నిలబడి దిగిన ఫొటోలు ఆన్‌లైన్ మ్యాపుల్లో కుప్పలుగా ఉన్నాయి. అదే కోటకు ఏ దర్వాజ నుంచి బండి పోతుంది, ఎక్కడ మలుపు తిరగాలి, టికెట్ కౌంటర్ ఎటువైపు అని తెలుసుకుందామని ఆ ఫొటోలన్నీ తిప్పితే మనుషులే కనిపిస్తారు, దారి కనిపించదు. మ్యాపుకిచ్చే ఫొటో మూడు సంగతులు చెప్పాలి: ఇది ఎక్కడ తీసింది, ఎటు చూస్తూ తీసింది, ఎప్పుడు తీసింది. ఆ మూడూ సరిగ్గా ఉంటే ఫొటో కాస్త మసగ్గా ఉన్నా పనికొస్తుంది. అవి లేకపోతే ఎంత అందమైన ఫొటో అయినా అక్కరకు రాదు.

సామాను సంగతి తొందరగా ముగిద్దాం. మీ చేతిలో ఉన్న ఫోనే చాలు. లెన్స్ తుడవండి, చార్జింగ్ నింపండి, మెమరీలో చోటు చూసుకోండి. ఫోన్ అడ్డంగా పట్టుకోండి, నిలువుగా వద్దు. జూమ్ వద్దు, ఫిల్టర్లు వద్దు, ఫొటో మీద తేదీ ముద్ర కూడా వద్దు.

పొద్దున ఏడు నుంచి తొమ్మిది లోపు తీయాలి, వీలైతే ఆదివారం. పది దాటితే ఎంజీఎం చౌరస్తాలోనో పోచమ్మమైదాన్‌లోనో ఆటోలు, బస్సులు అడ్డం నిలబడి ఒక్క బోర్డూ పూర్తిగా కనిపించదు. సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. తూర్పు ముఖం భవనాలు పొద్దున, పడమటి ముఖం భవనాలు మాత్రం సాయంత్రం. మిట్టమధ్యాహ్నం తీసినవి నేనైతే ఎక్కించను.

ఏం తీయాలన్నది కష్టమేమీ కాదు. గల్లీ మొదలు, చౌరస్తాలో నాలుగు దిక్కులూ, బడి గేటు, ఆస్పత్రికి అసలు లోపలికి పోయే ద్వారం, వీల్‌చైర్ ఎక్కే ర్యాంపు ఉందో లేదో, వన్‌వే బోర్డు, రైలు వంతెన కింద ఎత్తు రాసిన బోర్డు. దుకాణమైతే రెండు ఫొటోలు: పక్క దుకాణాలతో కలిపి దూరంగా ఒకటి, బోర్డు మీది అక్షరాలు చదవగలిగేలా దగ్గరగా ఒకటి. దగ్గరిది ఒక్కటే తీస్తే ఆ దుకాణం వీధిలో ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆస్పత్రి పేజీలో క్యాంటీన్ దోశ ఫొటో పెట్టేవాళ్లు, రాత్రిపూట ఆత్రంగా గేటు వెతుక్కునే మనిషిని ఒక్కసారి తలచుకోవాలి.

ఇక అందరూ తప్పు చేసే చోటు: లొకేషన్. ఇక్కడ నిదానంగా చదవండి.

కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ట్యాగ్ ఆన్ చేయడంతో పని అయిపోదు. కెమెరా యాప్‌కు కచ్చితమైన లొకేషన్ అనుమతి ఇచ్చారో, సుమారు లొకేషన్ ఇచ్చారో చూడండి. సుమారుది ఇస్తే హనుమకొండలో తీసిన ఫొటో కాజీపేటలో తేలగలదు. తర్వాత ఆకాశం బాగా కనిపించే చోట నిలబడి, మ్యాప్ యాప్ తెరిచి, మీ నీలం చుక్క చుట్టూ ఉన్న వలయం చిన్నదయ్యేదాకా ఆగండి. అర నిమిషం పట్టొచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఫోన్ తన చోటు తేల్చుకోవాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందాలి. అవి అందకముందే మీరు బటన్ నొక్కితే, ఇంతకుముందు గుర్తుపెట్టుకున్న పాత చోటునే ఫొటోలో రాసేయొచ్చు. కాజీపేట జంక్షన్‌లో జేబులో పెట్టిన ఫోన్‌ను సుబేదారిలో తీసి టకటకా నాలుగు ఫొటోలు కొట్టేవాళ్ల మొదటి ఫొటోలు ఇలాగే చెడతాయి.

అంతా బాగున్నా, బయట బట్టబయలులో ఫోన్ జీపీఎస్ తేడా సుమారు 5 మీటర్లు ఉంటుంది. పాతబస్తీ గల్లీల్లో ఇరుపక్కలా మూడంతస్తుల మేడలు ఉంటే సంకేతాలు గోడలకు తగిలి తిరిగొస్తాయి, తేడా ఇంకా పెరుగుతుంది. మన గల్లీల వెడల్పు మీకు తెలుసు. ఆ కాస్త తేడాకే ఫొటో పక్క గల్లీలో పడుతుంది. కాబట్టి గల్లీ మొదట్లో నిలబడి వలయం చిన్నదయ్యాకే లోపలికి నడవండి. లోపల తీసిన ప్రతి ఫొటో వివరాలు అక్కడికక్కడే తెరిచి, చుక్క సరైన చోట పడిందో లేదో చూడండి. ఇంటికి పోయాక చూద్దామంటే ఏ గల్లీ ఏదో మీకే గుర్తుండదు.

చోటు తర్వాత దిక్కు. కోటలో స్వయంభూ ఆలయ శిథిలాల చుట్టూ నాలుగు తోరణాలున్నాయి, నాలుగూ దాదాపు ఒక్కతీరే. దిక్కు లేని ఫొటో చూసి అది ఉత్తరపుదో దక్షిణపుదో ఎవరు చెప్పగలరు? ఫోన్‌లోని దిక్సూచి అయస్కాంతానికి దారి తప్పుతుంది. అయస్కాంతపు మూతలున్న ఫోన్ కవర్లు, కారులో అయస్కాంతపు హోల్డర్లు తీసేయండి. బండి మీద ఆనించి కూడా తీయొద్దు, రెండడుగులు పక్కకు జరగండి. మొదలుపెట్టేముందు ఫోన్‌ను గాలిలో ఎనిమిది అంకెలా నాలుగైదుసార్లు తిప్పితే దిక్సూచి మళ్లీ కుదురుకుంటుంది. ఇంకో సంగతి: ఫొటోలో నమోదయ్యేది మీరు నిలబడ్డ చోటు, ఎదుట ఉన్న వస్తువు చోటు కాదు. పద్మాక్షి గుట్ట మీది నుంచి ఊరిని తీస్తే చుక్క గుట్ట మీదే ఉండాలి. దాన్ని జరిపి ఊళ్లో పెట్టకండి.

నేను నడిచే తీస్తాను, మీరూ నడవండి. బండికి ఫోన్ బిగించి గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతే సెకనుకు 10 మీటర్లు దాటిపోతారు. ఫోన్ జీపీఎస్ మామూలుగా సెకనుకోసారే కొత్త చోటు చెబుతుంది. ఆ మధ్యలో తీసిన ఫొటో ఎక్కడిదన్నది ఊహే. పైగా గుంతల్లో అదిరి బోర్డులు మసకబారతాయి. వీడియో తీసి తర్వాత ముక్కలు చేసుకుంటామనేవాళ్లూ ఉన్నారు. ఆ ముక్కల్లో చిన్న అక్షరాలు చదవగలిగితే నాకు చూపించమనండి. హైవే మీద పొడుగు దూరమైతే బండి, కారు తప్పవు, ఒప్పుకుంటాను. అప్పుడు నెమ్మదిగా పోవాలి, ఫోన్ చేతిలో పట్టుకుని మాత్రం నడపొద్దు. నడిచేటప్పుడు నాలుగైదు అడుగులకొకటి తీయండి. ఒకే స్తంభమో బోర్డో వరుసగా రెండు మూడు ఫొటోల్లో కనిపించాలి. జనం తీసిన వీధి ఫొటోలను మ్యాపు మీద చూపించే మ్యాపిలరీ లాంటి సైట్లు అలా కనిపించిన వస్తువును పోల్చి చూసే అది మ్యాపులో ఎక్కడుందో లెక్కకడతాయి.

ఫోన్ బదులు జీపీఎస్ లేని వేరే కెమెరా వాడితే గడియారం జాగ్రత్త. ఫోన్‌లో నడక దారిని రికార్డు చేసి, తర్వాత సమయాన్ని బట్టి ఫొటోలకు జతచేస్తారు కదా, ఆ దారి ఫైలులో ఉండేది అంతర్జాతీయ సమయం. మనకూ దానికీ ఐదున్నర గంటల తేడా. ఆ తేడా సరిచేయకపోతే ఒక్క ఫొటో కూడా తన చోట్లో పడదు. బయల్దేరగానే ఫోన్‌లోని గడియారాన్ని సెకన్లతో సహా కెమెరాతో ఒక ఫొటో తీసుకోండి. కెమెరా ఎంత ముందుందో వెనకుందో దాన్నిబట్టి తేలుతుంది.

ఇంత కష్టపడి తీసినవాటిని వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపి చెడగొడతారు. వాట్సాప్ లొకేషన్‌ను తీసేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదంటే కేబుల్ పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్ బ్రౌజర్‌లోంచి నేరుగా ఎక్కించినా కొన్నిసార్లు లొకేషన్ రాలిపోతుంది. అందుకే నేను కంప్యూటర్ నుంచే ఎక్కిస్తాను.

ఎక్కడికి ఎక్కించాలి? వీధులు మ్యాపిలరీకి, గుళ్లూ కోటలూ అందరూ ఉచితంగా వాడుకునే ఫొటోల నిధి వికీమీడియా కామన్స్‌కు, దుకాణం వేళలూ బోర్డులూ గూగుల్ మ్యాప్స్‌కు. నా ఓటు మొదటి రెంటికే. మ్యాపిలరీ ఫొటో చూసి ఎవరైనా, జనమే కలిసి గీసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మన గల్లీ గీయొచ్చు. గూగుల్ వీధి ఫొటోలు, అంటే స్ట్రీట్ వ్యూ, చూసి అలా గీయడానికి వీల్లేదు. కామన్స్‌కు మీరు స్వయంగా తీసిందే ఇవ్వాలి, దాన్ని ఎవరైనా వ్యాపారానికి కూడా వాడుకోవచ్చని ఒప్పుకోవాలి. బహిరంగ చోట్లలోని భవనాలు, విగ్రహాలు తీయడానికి మన 1957 కాపీరైట్ చట్టం ఒప్పుకుంటుంది. ఫ్లెక్సీలు, పోస్టర్లు ఎవరి సొంత డిజైన్లో వాళ్లవి, వాటినే గురిపెట్టి తీసి పెట్టకండి. పేరు "కోట ఫొటో 1" అని కాకుండా "వరంగల్ కోట ఉత్తర తోరణం, లోపలి వైపు నుంచి" అని రాయండి. పాత ఫొటో అయితే తీసిన తేదీ మార్చొద్దు. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లా అయింది, రూరల్ జిల్లా వరంగల్ జిల్లా అయింది. అంతకుముందు తీసిన ఆఫీసు బోర్డును ఇవాళ్టిదన్నట్టు పెడితే చూసినవాళ్లు పొరబడతారు.

మనుషుల ముఖాలు, బండి నంబర్లు మ్యాపిలరీ తనంతట తానే మసకబారుస్తుంది. కామన్స్‌లో ఆ పని మీరే చేయాలి. పిల్లలు, ఇంటి వాకిళ్లు, నల్లా దగ్గర నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు ఫ్రేములో ఉంటే ఒక నిమిషం ఆగండి. ఎవరైనా అడిగితే "అన్నా, మ్యాపు కోసం రోడ్డు తీస్తున్నా, చూడు" అని ఫోన్ చూపించండి. వద్దంటే వాళ్ల ముందే ఆ ఫొటోను చెరిపేయండి. గర్భగుడి లోపల, పోలీసు, సైనిక స్థలాల దగ్గర కెమెరా పైకెత్తకండి.

ఎక్కించిన మర్నాడు మ్యాపు తెరిచి ప్రతి చుక్కనూ చూడండి. తప్పుగా పడినదాన్ని చేత్తో జరిపి సరిచేయండి. అది అయ్యేదాకా అసలు ఫైళ్లు ఫోన్‌లోంచి తీసేయకండి.