వానలో ఫొటోలు సరిగ్గా రావడం లేదా?

వాన కురుస్తోంది, ఫొటోలో మాత్రం లేదు

దాదాపు ప్రతిసారీ కారణం వెనకున్న తెల్లటి ఆకాశమే. తెలుపు మీద చినుకు ఎలా కనిపిస్తుంది? ముదురు గోడో, చెట్ల గుబురో వెనక పడేలా మీరు జరగండి. వీధిదీపమో, బండి హెడ్‌లైటో ఎదురుగా ఉంటే ఇంకా మంచిది, చినుకులు మెరుస్తాయి. షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంటుందో) సంగతి ఆ తర్వాతే. 1/60 సెకను దగ్గర చినుకులు గీతల్లా సాగుతాయి, 1/500 దాటితే చుక్కలుగా విడిపోతాయి. నా ఓటు గీతలకే. చుక్కల వాన చాలాసార్లు ఫొటోకి దుమ్ము పట్టినట్టు ఉంటుంది. కాకపోతే 1/60లో చెయ్యి వణక్కూడదు, ఏ స్తంభానికో ఆనుకోండి.

ఫ్లాష్ వేస్తే తెల్లటి బుడగలు

లెన్స్‌కి దగ్గరగా పడే చినుకులు ఆ వెలుగును తిప్పికొడతాయి. ఫోకస్‌లో ఉండవు కాబట్టి ఉబ్బి కనిపిస్తాయి. ఫ్లాష్ ఆపి ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 1600 దాకా పెంచండి. కాస్త నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) వచ్చినా టెన్షన్ పడక్కర్లేదు.

ఫొటో అంతా మసక

ముందు లెన్స్‌ను వెలుతురుకి ఎత్తి ఏటవాలుగా చూడండి. మసక పైనుందా, లోపలుందా?

పైనుంటే అది ఏసీ గది తెచ్చిన తంటా. చల్లబడ్డ అద్దం మీద బయటి తేమ ఆవిరిలా పడుతుంది. తుడిచిన కాసేపటికే మళ్లీ పడుతుంది, అద్దం బయటి వేడికి వచ్చేదాకా ఆగాల్సిందే. ఈసారి కెమెరాను బ్యాగులోనే ఉంచి, జిప్ తియ్యకుండా, అరగంట ముందే ఏసీలేని చోట పెట్టండి.

తుడిచినా పోలేదంటే తేమ లోపలికి చేరినట్టే. జూమ్ చేసినప్పుడు గొట్టం ముందుకు సాగే లెన్సులు గాలితోపాటు తేమనూ లోపలికి లాగుతాయి. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని డబ్బాలో ఒకట్రెండు రోజులు ఉంచండి. హెయిర్ డ్రయ్యర్ జోలికి మాత్రం వెళ్లకండి. అప్పటికీ తగ్గకపోతే సర్వీసుకే.

ఒక్కచోటే మసక మచ్చ

అద్దం మీద చినుకు పడింది, అంతే. మెత్తటి పొడి గుడ్డతో అద్దండి, హుడ్ (లెన్స్ ముందు పెట్టే తొడుగు) తగిలించండి.

ఫోకస్ ముందుకీ వెనక్కీ పోతోంది

ఆటోఫోకస్ చినుకుల వెంట పడుతోంది. మాన్యువల్‌కి (చేత్తో ఫోకస్ చేసే పద్ధతికి) మార్చండి.

ఫోన్ స్క్రీన్ మాట వినదు

తడిని కూడా వేలి తాకిడి అనుకుంటుంది. వాల్యూమ్ బటన్‌తో క్లిక్ చేయండి. ఇంటికొచ్చాక పోర్ట్ పూర్తిగా ఆరేదాకా ఛార్జర్ పెట్టొద్దు.